పడుట నేర్చిన మానవుడు

విశ్వామిత్రుని తపోబలముచే సశరీరుడై స్వర్గమునకు ఎగసిన త్రిశంకుని ఇంద్రుడు క్రిందికి త్రోయగా, ఆ రాజు తలక్రిందులై పడుచు మునిని శరణు వేడెనని రామాయణ కథ. ఆ కథ విన్నప్పుడెల్ల మనము ముని కోపమును గూర్చియు, దేవేంద్రుని పట్టుదలను గూర్చియు తలపోయుదుము. పడుచున్న ఆ మనుష్యుడు తలక్రిందులుగనే ఏల పడవలెనని ఎవ్వరును అడుగరు. బోరగిల పడరాదా? కాలుసేతులు చాచి, తన ఇచ్చవచ్చిన వైపు తిరుగుచు పడరాదా? ఈ ప్రశ్న వేడుకకు అడిగినట్లు తోచును గాని, దీనికి సరియైన సమాధానము లభించుటకు ఇరువదవ శతాబ్దము సగము గడువవలసి వచ్చెను. ఆ సమాధానము కొరకు ప్రాణములొడ్డినవారు పెక్కుమంది.

పారాషూటు అంత క్రొత్తది కాదు. 1797 అక్టోబరు 22వ తేదీన పారిస్ నగరమున ఆంద్రే జాక్ గార్నెరిన్ అను ఫ్రెంచివాడు బెలూనునుండి గుడ్డ గొడుగు సాయమున దిగెను. ఆ గొడుగు గడియారపు లోలకమువలె ఊగియూగి అతనిని ఉక్కిరిబిక్కిరి చేసినను, ప్రాణముతో నేలకు చేర్చినది. తరువాత నూరేండ్లకు పైగా పారాషూటు సంతలలోను, ప్రదర్శనలలోను వేడుకగా నుండెను. అన్నిటను పద్ధతి యొకటే. గొడుగు బెలూనుకు కట్టబడి యుండును. మనిషి బరువునకు అది ఊడి వెంటనే విచ్చుకొనును. కాబట్టి విడివడుటకును విచ్చుకొనుటకును నడుమ మనిషి యేమగునో ఆలోచింపవలసిన అవసరమే రాలేదు.

విమానము వచ్చిన పిదప ఆ అవసరము వచ్చెను. బెలూను నిలుకడగా నుండునది. చెడిన విమానము గిరగిర తిరుగుచు, మంటలు గ్రక్కుచు పడునది. దానికి గొడుగు త్రాడు కట్టియుంచినచో ఆ త్రాడు తోకకు చుట్టుకొనును. వైమానికుడు ముందు విమానమునకు దూరముగా పడి, పిదప తన చేతితోనే గొడుగును విప్పుకొనవలెను. కాని అట్లు పడువాడు క్షణములలో స్మృతి తప్పునని, అతని చేయి త్రాడును లాగజాలదని ఆనాటి పెద్దలు పలువురు దృఢముగా నమ్మియుండిరి. 1914లో అమెరికాలోని శాన్ డియేగోలో టైనీ బ్రాడ్విక్ అను పొట్టి యువతి సైన్యాధికారుల యెదుట దూకినపుడు విమానమునకు కట్టిన త్రాడు చిక్కుకొని ఆమెను బాధించెను. మరల దూకునపుడు ఆమె ఆ త్రాడును కోసివేసి, మిగిలిన ముక్కను తన చేతితో లాగుకొని సుఖముగా దిగెనని చెప్పుదురు. అయినను పెద్దల నమ్మకము చెదరలేదు. 1919 ఏప్రిల్ 28వ తేదీన ఒహాయో రాష్ట్రమున మకుక్ ఫీల్డ్ అను విమానస్థలమున లెస్లీ ఇర్విన్ అనువాడు దూకి, పడుచు పడుచు తానే త్రాడు లాగి గొడుగు విప్పెను. నేల తాకునపుడు చీలమండ విరిగినది గాని స్మృతి తప్పలేదు. మూడేండ్లకు, 1922లో, అదే స్థలమునుండి ఎగిరిన హరాల్డ్ హారిస్ అను సైనిక వైమానికుడు విమానము చెడగా ఆ గొడుగుతోనే ప్రాణము దక్కించుకొనెను.

స్మృతి తప్పదని తెలిసినది. శరీరము చెప్పిన మాట వినునా యనునది వేరొక ప్రశ్న. కొంత దూరము పడి గొడుగు విప్పుదమని సాహసించినవారికి రెండు ఆపదలు ఎదురయ్యెను. ఒకటి పిల్లిమొగ్గలు, రెండవది అంతకంటె ఘోరమైన చదునుపాటి భ్రమణము. మనిషి వెల్లకిల పరుండినట్లే యుండి బొంగరమువలె తిరుగును. నెత్తురు తలకును పాదములకును ప్రాకి, కన్నులు చీకట్లు క్రమ్మును. అట్టి స్థితిలో గొడుగు విప్పినచో త్రాళ్ళు పురి పెట్టుకొనును. కొందరు ఇందుకు మందు రెక్కలేయని తలంచిరి. అమెరికా దేశీయుడు క్లెం సోన్ గబ్బిలపు రెక్కల వంటి గుడ్డ రెక్కలు తొడిగి వేలాది జనుల యెదుట ఎగిరెను. 1937 ఏప్రిల్‌లో ఫ్రాన్సు దేశపు వాన్సెన్‌లో గొడుగులు పనిచేయక నేలకూలెను.

లియో వాలెంటిన్ అను ఫ్రెంచి సైనికుని కథ ఇచ్చట చెప్పవలెను. యుద్ధకాలమున పారాషూటు దళమున పనిచేసిన ఇతడు 1947లో ఒక నిర్ణయమునకు వచ్చెను. పడువాడు భయముచే ముడుచుకొనుట సహజము. కడుపును కాపాడుకొనుటకు మోకాళ్ళు పైకి వచ్చును, చేతులు గాలిని పట్టుకొనబోవును, వెన్ను వంగును. ఆ వంగిన వెన్నే సర్వానర్థములకు మూలమని అతడు గ్రహించెను. దానికి నేరుగా విరుద్ధమైనది చేసెను. వెన్నును వెనుకకు విల్లువలె వంచి, కడుపును నేలవైపు ముందునకు నెట్టి, చేతులు కాళ్ళు వెడల్పుగా చాచి పడెను. మొగ్గలు ఆగిపోయెను. భ్రమణము ఆగిపోయెను. గాలి ఒక పరుపువలె అతనిని మోసెను.

ఇందలి శాస్త్రము మన వంటింటిలో ఉన్నదే. ఒక విస్తరాకు దొన్నెను మేడమీదినుండి జారవిడిచి చూడుడు. ఎట్లు విడిచినను అది రెండు మూడు పల్టీలు కొట్టి, అడుగు క్రిందికి, అంచులు పైకి ఉండునట్లు సర్దుకొని దిగును. బరువు క్రింద, గాలిని పట్టు అంచులు పైన ఉన్నంతకాలము దానికి వేరొక దారి లేదు. వెన్నును వంచిన మనిషి ఆ దొన్నె వంటివాడు. పొత్తికడుపు దొన్నె అడుగు, కాలుసేతులు అంచులు. ముడుచుకొనినవాడు బోర్లించిన దొన్నె.

ఇంతటి సులభసూత్రము కనుగొనిన వాలెంటిన్ దానితో తృప్తి చెందలేదు. నిలుకడ చాలదు, పక్షివలె ఎగురవలెనని కోరెను. గుడ్డ రెక్కలు, పిదప కొయ్య రెక్కలు కట్టుకొనెను. 1956 మే 21వ తేదీన ఇంగ్లండులో లివర్‌పూల్ చెంత స్పీక్ విమానాశ్రయమున, గొప్ప జనసందోహము చూచుచుండగా, విమానపు ద్వారము దాటునపుడు అతని కొయ్య రెక్క విమానమునకు తగిలి విరిగెను. అతడు మరల లేవలేదు. రెక్కలు లేకయే గాలిలో నిలువవచ్చునని లోకమునకు చూపినవాడు రెక్కలచేతనే పోయెను.

అతడు చూపిన విద్య మాత్రము సముద్రము దాటెను. జాక్ ఇస్టెల్ అను యువకుడు ఫ్రాన్సులో ఈ పద్ధతి చూచి అమెరికాకు కొనిపోయెను. 1956లో మాస్కోలో జరిగిన ప్రపంచ పోటీలకు అమెరికా జట్టును నడిపినవాడు, 1959లో మసాచుసెట్స్ రాష్ట్రపు ఆరెంజ్ గ్రామమున దూకుట నేర్పు కేంద్రమును నెలకొల్పినవాడు ఇతడే. అంతవరకు సైనికుల పనియు, సంతగాండ్ర పనియు ఐన దూకుట మెల్లగా గుమాస్తాలకు, విద్యార్థులకు ఆదివారపు వినోదమయ్యెను.

నిలుకడ కలిగినవాడు ఊరకుండునా? ప్రక్కన పడువానిని చేరబోవును. ఉత్తర అమెరికాలో 1958లో, ఇద్దరు మనుష్యులు పడుచునే ఒకరినొకరు సమీపించి, ఒక చిన్న కర్రను చేతినుండి చేతికి అందించుకొనిరి. వట్టి కర్ర. దాని విలువ రెండణాలు చేయదు. అయినను, పడుట అనునది ఒంటరి పని కాదని ఆ కర్ర ఋజువు చేసెను. బోరగిల పడువాని వేగము గంటకు రమారమి 120 మైళ్ళు. అంత వేగమున చేతులు కలుపుట ఎట్లు సాధ్యమని చదువరులు అడుగవచ్చును. ప్రక్కప్రక్క పట్టాలమీద ఒకే దిక్కునకు ఒకే వేగముతో పోవు రెండు రైళ్ళను ఊహింపుడు. ఒక కిటికీనుండి మరియొక కిటికీకి తాంబూలము అందించుకొనవచ్చును. చెట్లు, స్తంభములు పరుగిడును గాని ఎదుటి మనిషి నిలిచియే ఉండును. ఆకాశమున చెట్లును లేవు, స్తంభములును లేవు. అందుచే పడువారికి తాము పడుచున్నట్లే తోచదు. ఈ విద్యలోని ఆనందము అదియే. ప్రమాదమును అదియే.

ఏలయన, రైళ్ళలో ఒకటి కొంచెము వేగము హెచ్చించిన చాలును, తాంబూలము మాట అటుంచి చేయియే పోవును. క్రొత్తవాడు చేయు మొదటి తప్పు ఇచ్చటనే. మిత్రుడు దూరముగను దిగువగను కనబడగానే, ఆత్రముచే తల వంచి అతనిమీదికి గ్రద్దవలె దుముకును. దుముకుట సులభము, ఆగుట కష్టము. ఆగలేక తగిలినచో, ఎముకలు విరుగుట యొక యెత్తు. స్మృతి తప్పినవాడు తన గొడుగు తాను విప్పుకొనలేకపోవుట మరియొక యెత్తు. ఆగుదమని కాలుసేతులు చాచి మిత్రుని వీపుమీదుగా తేలినను క్షేమము లేదు. క్రిందివాని వీపు వెనుక గాలి చెదరి పలుచనగును; దానిలోనికి వచ్చినవానికి ఆధారము తప్పి, కాలిక్రింద మెట్టు లేనట్లు దభీమని క్రిందివానిమీద పడును. కాబట్టి అనుభవశాలులు చెప్పు క్రమము వేరు. మొదట దూరముగానే ఉండి మిత్రుని మట్టమునకు దిగవలెను లేదా ఎక్కవలెను. మట్టము కలిసిన పిదప ఎదురుగా మెల్లమెల్లగా సమీపించి, చేయి చాచు దూరమున ఒక్క క్షణము ఆగి, అప్పుడు మాత్రమే పట్టుకొనవలెను. ఆగకుండ పట్టుకొనువాడు పట్టుకొనుట లేదు, తగులుచున్నాడు.

మట్టము మార్చుటకు వేరే యంత్రములేవియు లేవు. నడుమును మరింత వంచినచో వేగముగా దిగును. వంపు తగ్గించి రొమ్మును చదును చేసి చేతులు వెడల్పు చేసినచో నెమ్మదించును. కాళ్ళు చాచినచో ముందునకు జారును, ముడిచినచో వెనుకకు పోవును. చెప్పుటకు నాలుగు మాటలు. చేయబోయినపుడు అడ్డువచ్చునవి కాళ్ళు. చేతులు కంటికి కనబడును, కాళ్ళు కనబడవు. ఒక మోకాలు రెండవదానికంటె కొంచెము ముడుచుకొని యుండును; ఆ సంగతి దాని యజమానికి తెలియదు; అతడు తిరుగుచుండును, ఏల తిరుగుచున్నాడో తెలియక చేతులతో సరిదిద్దబోయి మరింత తిరుగును. రెండు మోకాళ్ళ క్రింది భాగములమీదను గాలి సమముగా ఒత్తుచున్నదా యని చర్మముతోనే తెలిసికొనవలెనట.

ఈ ప్రసంగకర్త విమానమునుండి దూకినవాడు కాడు. బాల్యమున వీపున సొరకాయబుర్ర కట్టుకొని దిగుడుబావిలో ఈత నేర్చినవాడు మాత్రమే. కాని ఆ బావి గట్టుమీద కూర్చుండి మా పెదనాయన అరచిన మాట యొక్కటియే: "బిగపట్టకురా, ఒళ్ళు వదులు!" కాలుసేతులు బిగించి కొట్టుకొనువాడు మునుగును, వదలినవాడు తేలును. ఆకాశమున దూకుట నేర్పువారును మొదటి పాఠముగా ఇదే చెప్పుచున్నారని తెలిసినపుడు మా పెదనాయనమీద నాకు గౌరవము పెరిగినది.

కర్ర అందించుకొనుట అయినది. పిదప నక్షత్రములు వచ్చినవి. పలువురు చేతులు పట్టుకొని వలయముగా ఏర్పడుటకు నక్షత్రమని పేరు. 1965లో కాలిఫోర్నియాలోని ఆర్విన్‌లో ఎనమండుగురు ఒక నక్షత్రమును నిర్మించిరి. ప్రతివాడును తనకంటె ముందు దూకినవారిని వెంబడించి, వలయమును చేరి, ఇద్దరి మణికట్టులను విడదీసి నడుమ దూరవలెను. ఒక్కడు ఆత్రపడినచో అందరి శ్రమయు చెదరిపోవును. అనతికాలములో ఆ సంఖ్య పదియై, పదుల సంఖ్యయై పెరిగెను. 1975లో పశ్చిమ జర్మనీలోని వారెండార్ఫ్‌లో ఈ విద్యకు మొదటి ప్రపంచ పోటీలు జరిగెను. నేడు నలుగురి జట్టు ముప్పదియైదు సెకండ్లలో ఎన్ని వ్యూహములు కట్టి విప్పునో లెక్కింతురు. చక్రవ్యూహములోనికి పోవుట మాత్రమే తెలిసిన అభిమన్యునికి అచ్చట స్థానము లేదు.

వెలుపలికి వచ్చుట అంతకంటె ముఖ్యము. దాదాపు పదుమూడు వేల అడుగుల ఎత్తున దూకినవారికి ఒక్క నిమిషము లభించును. స్థిరవేగము వచ్చిన పిదప వేయి అడుగులు అయిదారు సెకండ్లలో తరిగిపోవును. నాలుగు వేల అడుగుల చెంత చేతులు పట్టుకొని నవ్వుకొనుచున్నవారికిని నేలకును నడుమ ఇరువదిమూడు సెకండ్ల వ్యవధి మాత్రమే కలదు. ఆ లోపల చేతులు వదలవలెను. ప్రతివాడును వలయపు నడిమికి వీపు త్రిప్పి, కాళ్ళు చాచి చేతులు ప్రక్కలకు చేర్చి బాణమువలె దూరముగా జారవలెను. చుట్టును, మీదను చూడవలెను. చేతులు ఊపి మీదివానికి హెచ్చరిక చేయవలెను. అప్పుడు గాని గొడుగు విప్పరాదు. దగ్గరగా విప్పినచో ఒకని గొడుగులోనికి మరియొకడు పడును. అమెరికాలోని పారాషూటు సంఘము వ్రాసిన నియమముల ప్రకారము, ఐదుగురు లేక అంతకు తక్కువ ఉన్న గుంపు గొడుగు విప్పదలచిన ఎత్తునకు కనీసము 1,500 అడుగుల పైననే విడిపోవలెను. ఆరుగురు, ఆపై ఉన్నచో 2,000 అడుగులు. వ్యూహము పూర్తి కాలేదని, ఇంకొక్క చేయి అందవలసియున్నదని ఆ గీత దాటరాదు. వలయము చేరలేక దిగువన మిగిలిపోయినవానికిని ఇదియే నియమము. తాను ఏమియు పట్టుకొనలేదను చింతతో అతడు అచ్చటనే తచ్చాడుచుండిన, మీదినుండి వచ్చువారికి అడ్డగును.

ఇట్టి నియమములలో చాలవాటి వెనుక ఒక్కొక్క శవము కలదు. మేఘములను గూర్చిన దాని వెనుక పదునారు. 1967 ఆగస్టు 27వ తేదీన ఒహాయో రాష్ట్రమున బి-25 అను పాత బాంబరు విమానమునుండి పదునెనిమిదిమంది దూకిరి. క్రింద దట్టమైన మేఘములు. తాము దిగవలసిన పొలము మేఘముల క్రింద ఉన్నదని వారు నమ్మిరి. రాడారు చూచుచున్న నియంత్రకుడు మరియొక చిన్న విమానమును చూచి అదియే బి-25 అని భ్రమించి స్థానము తప్పు చెప్పెను. మేఘములు దాటి వచ్చిన వారికి క్రింద కనబడినది పొలము కాదు, ఈరీ సరస్సు. తీరమునకు మైళ్ళ దూరము. ఇద్దరిని పడవవారు రక్షించిరి. పదునారుగురు మునిగిరి. తరువాత న్యాయస్థానము నియంత్రకుని పొరపాటునకు ప్రభుత్వము బాధ్యత వహింపవలెనని తీర్పు చెప్పినది. అది న్యాయమే. కాని మేఘములగుండ దూకరాదను నిబంధన ఆనాటికే కలదు. అంత ఎత్తునకు ఎక్కి, దుస్తులు ధరించి, మిత్రులందరు ద్వారమున నిలిచియుండగా "నేడు వద్దు, దిగిపోదము" అను మాట నాలుకకు రాదు. గాలిలో శరీరమును అదుపున నుంచుట కంటె ఆ మాట అనుట కష్టమని నాకు తోచును.

సాధనములు క్రమముగా మెరుగయ్యెను. గుండ్రని గొడుగు స్థానమున, డొమినా జాల్బర్ట్ 1960వ దశకమున రూపొందించిన దీర్ఘచతురస్రపు గొడుగు వచ్చి, దిగు చోటును దిగువాని చేతికిచ్చెను. స్మృతి తప్పినవానికై తనంతట తాను విచ్చుకొను యంత్రములు ముందునుండియు ఉన్నను, వ్యూహములు కట్టువారు వానిని శంకించిరి. వలయము నడుమ అకాలమున ఒకని గొడుగు విచ్చుకొనినచో పైనున్నవానికి మృత్యువే. 1991లో జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ సైప్రెస్ అను చిన్న యంత్రమును తెచ్చి ఆ శంక తీర్చెను. 750 అడుగుల చెంత మనిషి ఇంకను సెకండునకు 35 మీటర్ల వేగముతో పడుచున్నచో అది అదనపు గొడుగు సంచి కట్టును కోయును. అంతవరకు తన ఉనికియే తెలుపదు.

ఇక అభ్యాసము మాట. ఒక్కొక్క దూకునకు నిమిషము లోపే లభించునని చెప్పితిమి. అనగా నూరు దూకులు దూకి, తాను ఆరితేరితినని మురిసిపోవువాడు మొత్తము మీద గంటన్నర మాత్రమే సాధన చేసినాడు. గంటన్నర వీణ వాయించి కచ్చేరికి సిద్ధపడు విద్యార్థిని ఎవరైన క్షమింతురా? ఈ లోటును పూరించినది నిలువుగా గాలి వీచు సొరంగము. 1964లో ఒహాయోలోని రైట్ ప్యాటర్సన్ సైనిక స్థావరమున ఉన్న అట్టి సొరంగములో జాక్ టిఫనీ అను మనిషి మొదట తేలెను. 1998లో ఫ్లారిడాలోని ఓర్లాండోలో బిల్ కిచెన్ నిర్మించిన సొరంగము తరువాత అట్టివి పలు దేశములలో వెలసినవి. అచ్చట మోకాలు ముడుచుకొనినచో గురువు ప్రక్కనుండి తాకి సరిచేయును. ఆకాశమున పదిసార్లు దూకిన గాని పట్టుబడని తప్పు అచ్చట పది నిమిషములలో తెలియును. ఒక్కటియే కొరత. సొరంగమునకు నేల దగ్గర కాదు. అచ్చట తేలుట నేర్చి వచ్చినవాడు గాలిలో గంధర్వునివలె తిరుగగలడు గాని, మణికట్టుమీది ఎత్తు సూచించు యంత్రమును చూచు అలవాటు, గుంపునుండి తిరిగి దూరముగా జారు నేర్పు వానికి అది నేర్పలేదు. కావుననే విజ్ఞులైన గురువులు అట్టివారిని ముందు ఇద్దరి, ముగ్గురి గుంపులలోనే ఉంచుదురు.

2006 ఫిబ్రవరి 8వ తేదీన థాయిలాండు దేశపు ఉదోన్ థానీ నగరముపైన అయిదు హెర్క్యులస్ విమానములు ఇరువదియైదు వేల అడుగులకు పైగా ఎక్కెను. వానినుండి పలు దేశముల స్త్రీపురుషులు నాలుగు వందలమంది దూకిరి. నడిమివారు మొదట వలయము కట్టగా, వారి చుట్టును వరుసలు వరుసలుగా మిగిలినవారు వచ్చి చేరిరి. అంత ఎత్తునుండి బయలుదేరిన ఆ మహాపుష్పము పూర్తిగా విరిసి నిలిచినది నాలుగుంబావు సెకండ్లు. ఆ తరువాత అది విడిపోవుటకును ఒక వరుస కలదు. చిట్టచివర చేరినవారు, అందరికంటె అంచున ఉన్నవారు, ముందుగా చేతులు వదలి వెలుపలికి తిరిగి జారిపోయిరి. వారు దూరమైన పిదప వారి లోపలి వరుస. ఆ పిదప దాని లోపలిది. నడుమ నున్నవారు తమ వంతు వచ్చువరకు పట్టు విడువక, యంత్రముల ముల్లు చూచుచు, అట్లే పడుచుండిరి.